మొదట గాలిని కొలిచారు

పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెప్పిన ఏళ్లన్నిటిలోనూ గాలిమర పాఠాన్ని ఒకే లెక్కతో మొదలుపెట్టేవాణ్ణి. ఒకచోట సెకనుకు 5 మీటర్ల వేగంతో గాలి వీస్తోంది, ఇంకోచోట 6 మీటర్ల వేగంతో వీస్తోంది. రెండుచోట్లా ఒకే రకం మర పెడితే, రెండోచోట గాలిలో ఎంత ఎక్కువ శక్తి ఉంటుంది? ఇరవై శాతం అని క్లాసంతా ఒక్కసారే అరిచేది. గాలిలోని శక్తి వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది గనక అసలు జవాబు దగ్గర దగ్గర 73 శాతం. బోర్డు మీద ఆ అంకె పడగానే వెనక బెంచీలవాళ్లూ తలెత్తేవారు. కొలతలో ఒక్క మీటరు తప్పితే కట్టినవాడి అప్పు ఇరవై ఏళ్లయినా తీరదని అప్పుడు చెప్పేవాణ్ణి.

మన దేశపు పవన విద్యుత్ చరిత్రను రాసేవాళ్లు సాధారణంగా మెగావాట్లతో మొదలుపెడతారు. నేను 1952తో మొదలుపెడతాను. విద్యుత్ ఇంజనీరు ఎం.ఎస్. థాకర్ చొరవతో ఆ ఏడాది సీఎస్‌ఐఆర్ పి. నీలకంఠన్ ఆధ్వర్యంలో ఒక పవనశక్తి ఉపసంఘాన్ని వేసింది. దేశంలో ఎక్కడ ఎంత గాలి ఉంది, దాన్ని వాడుకుంటే గిట్టుబాటవుతుందా అన్నది తేల్చడమే దాని పని. వాతావరణ శాఖ దగ్గరున్న రికార్డులన్నీ తిరగేశారు. కర్రతో, వెదురుతో పెద్ద గాలిమరలు కట్టి చూశారు. 1954లో ఢిల్లీలో యునెస్కోతో కలిసి సౌర, పవన శక్తులపై సదస్సు పెడితే బ్రిటన్ నుంచి ఇ.డబ్ల్యు. గోల్డింగ్ వచ్చాడు. ఈ విద్యలో ఆనాటి పెద్ద తలకాయల్లో ఒకడాయన. వేర్వేరు ప్రాంతాల్లో గాలి వేగాన్ని విస్తృతంగా కొలవండి, ఈ పని మీదే ఉండే మనుషుల్ని పెట్టుకోండి, ఒక ప్రయోగశాల కట్టండి, చిన్న, మధ్యతరహా యంత్రాలు తయారుచేయండి అని ఆయన సలహా ఇచ్చాడు. ఆ వరసలో కొలతకు దక్కిన చోటు చూడండి. 1957లో సీఎస్‌ఐఆర్ ఆ సలహాలను ఒప్పుకుంది. 1960లో బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలలో పవనశక్తి విభాగం పుట్టింది.

అప్పటికే పశ్చిమ జర్మనీ ప్రభుత్వం మనకొక 6 కిలోవాట్ల ఆల్గయర్ యంత్రాన్ని కానుకగా ఇచ్చింది. దాన్ని గుజరాత్ తీరాన పోర్‌బందర్‌లో నిలబెట్టి పరీక్షించారు. ఆ పరీక్షల ఫలితాలను 1961లో రోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సు ముందు పెట్టింది వాతావరణ శాఖకు చెందిన ఎస్.పి. వెంకటేశ్వరన్. పుణెలో ఆ శాఖ పరికరాల విభాగాన్ని నడిపిన మనిషి ఆయన. 1948లో ఆ విభాగంలోనే ఆయన కింద ఉద్యోగంలో చేరిన ఒక యువతి ముప్పై అయిదేళ్ల తర్వాత దేశం మొత్తం గాలిని కొలిచే పని తలకెత్తుకుంది.

ఆమె అన్నా మణి. 1918లో తిరువాంకూరులోని పీర్‌మేడులో పుట్టింది. బెంగళూరులో సి.వి. రామన్ ప్రయోగశాలలో వజ్రాల మీద పనిచేసింది. ఒక్కో ఫొటోగ్రాఫిక్ ప్లేటుకు పదిహేను, ఇరవై గంటలసేపు కాంతి పట్టాల్సి వచ్చేది. రాత్రుళ్లు ల్యాబులోనే గడిచేవి. అంత చేసినా, ఎమ్మెస్సీ లేదన్న కారణంతో ఆమెకు డాక్టరేటు ఇవ్వలేదు. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది. 1945లో ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద లండన్ వెళ్లింది. చదవాలనుకున్నది భౌతికశాస్త్రం, దొరికింది వాతావరణ పరికరాల శిక్షణ. తిరిగొచ్చాక పుణెలో దాదాపు వంద రకాల వాతావరణ పరికరాలకు ప్రమాణ నమూనాలు గీయించి, దిగుమతి అవసరం తగ్గేలా ఇక్కడే తయారు చేయించింది. 1976లో వాతావరణ శాఖ డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా రిటైరైంది. మనకు పనికొచ్చే అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది.

1973 చమురు సంక్షోభం ఢిల్లీని కుదిపింది. 1981లో అదనపు ఇంధన వనరుల కమిషన్, 1982లో సంప్రదాయేతర ఇంధన శాఖ ఏర్పడ్డాయి. మరుసటి ఏడాది, అంటే 1983లో, అన్నా మణి, డి.ఎ. మూలే కలిసి దేశపు గాలి లెక్కల పుస్తకం తెచ్చారు. ఆ లెక్కలన్నీ వాతావరణ కేంద్రాలవి. ఆ కేంద్రాలున్నది ఊళ్లలో. చుట్టూ చెట్లు, మేడలు, దగ్గర్లో గోడలు. పైగా అనిమోమీటరు ఎత్తు మామూలుగా పది మీటర్లు. తుఫాను హెచ్చరికకు ఆ కొలత సరిపోతుంది, గాలిమరకు సరిపోదు. గాలి బాగా ఆడే గుట్ట అంచుకు, కనుమ నోటికి, సముద్రపు ఒడ్డుకు పోయి కొత్తగా స్తంభం పాతాల్సిందే. ఆ ఖర్చు ఏ కంపెనీ పెడుతుంది? స్తంభం పాతాక ఏళ్ల తరబడి చూడాలి. చివరికి ఇక్కడ గాలి చాలదు అని తేలే స్థలాలే ఎక్కువ ఉంటాయి. అలాంటి జవాబు కోసం డబ్బు పెట్టగలిగింది ప్రభుత్వం ఒక్కటే. పెట్టింది. ఉష్ణమండల వాతావరణ సంస్థకు బెంగళూరులో ఉన్న విభాగం ద్వారా అన్నా మణి ఆధ్వర్యంలో సర్వే రాష్ట్రం తర్వాత రాష్ట్రంగా సాగింది. ఫలితాలు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఎవరైనా కొనుక్కుని చదువుకోవచ్చు. ఈ బహిరంగతే ఆ సర్వే గొప్పతనమని నేను నమ్ముతాను.

ఆ సర్వే జాబితాల్లో మనవైపు పేర్లు చూస్తే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. రామగిరి, కడవకల్లు, శింగనమల, వజ్రకరూరు, నల్లకొండ, నెల్లూరు పక్క నరసింహకొండ, తిరుమల మీది కాకులకొండ, భీమునిపట్నం. వజ్రాలతో పరిశోధన మొదలుపెట్టిన మనిషి పని, తొలకరి వానకు జనం చేలల్లో వజ్రాలు వెతుక్కునే వజ్రకరూరు దాకా వచ్చింది.

బంగారు గనుల రామగిరికి విద్యార్థులను తీసుకుపోయిన రోజు గుర్తుంది. సన్నటి గొట్టపు స్తంభం, చుట్టూ బిగించిన ఇనుప తీగలు, రెండు ఎత్తుల్లో గిరగిరా తిరిగే గిన్నెలు. గొర్రెలు కాసుకుంటున్న ఒక పెద్దాయన దగ్గరికొచ్చాడు. "ఇదేం జేస్తాది సార్?" అన్నాడు. "గాలి ఎంత తోల్తాదో రాసుకుంటాది మామా" అన్నాను. "అదేం కత సార్. ఆషాడంలో వస్తే గుట్ట మీద కంబడి కూడా నిలవదు. మమ్మల్నడిగితే చెప్పమా?" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నైరుతి గాలులు పడమటి కనుమల అవతల వాన దించేసి, పొడిగా మామీదికి వస్తాయి. మా వేరుశనగ చేలను ఎండబెట్టే గాలీ, మర తిప్పే గాలీ ఒకటే. పిల్లలకు ఆరోజు నేను చెప్పిందల్లా ఇంతే: పెద్దాయనకు తెలిసినదాన్ని బ్యాంకు మేనేజరు ఒప్పుకునే అంకెగా మార్చడమే ఈ స్తంభం పని.

అదే కాలంలో ధనిక దేశాలు ఏం చేశాయో కాస్త చూద్దాం. జర్మనీ ప్రభుత్వం గ్రోవియాన్ అనే 3 మెగావాట్ల భారీ యంత్రం కట్టించింది. రెక్కల చక్రం అడ్డుకొలత వంద మీటర్లు. 1983లో నిలబెట్టారు. కీలక భాగాల్లో పగుళ్లు రావడంతో తిరిగింది కొన్ని వందల గంటలే. 1988లో విప్పేశారు. అమెరికాలో నాసా 70లలో, 80లలో ఒకదాన్ని మించి ఇంకొకటిగా పెద్ద మరలు కట్టింది. వాటి నుంచి నేర్చుకున్నది చాలా ఉంది గానీ అమ్మకానికి నిలిచిన యంత్రం రాలేదు. డెన్మార్క్ దారి వేరు. 1978లో రీసోలో ఒక పరీక్షా కేంద్రం పెట్టింది. ఆ మరుసటి ఏడాది నుంచి మర కొనేవాళ్లకు ప్రభుత్వ సాయం ఇచ్చింది, అయితే రీసో ఆమోదించిన మరలకే. వ్యవసాయ పనిముట్లు చేసుకునే చిన్న కార్ఖానాలు ఆ పరీక్షలకు తట్టుకుంటూ, తప్పులు దిద్దుకుంటూ ఎదిగాయి. 1986లో తూత్తుకుడి, ఓఖా, రత్నగిరి తీరాల్లో మన ప్రభుత్వం ప్రదర్శనకు పెట్టిన 55 కిలోవాట్ల యంత్రాలు ఆ డెన్మార్క్ బాపతువే.

కొలతలో ముందున్న మనం పరీక్షలో వెనకబడ్డాం. 90లలో మొదటి ఏడాదే నూరు శాతం తరుగుదల చూపి పన్ను తగ్గించుకోవచ్చు అనడంతో, కరెంటు కోసం కాక పన్ను కోసం మరలు కొన్నవాళ్లు పుట్టుకొచ్చారు. గాలి సరిగా లేనిచోట, నాణ్యత తేలని యంత్రాలు వెలిశాయి. రెండు మూడేళ్లు జోరు నడిచి, దశాబ్దం చివరికి చతికిలపడింది. రాయితీ ఇవ్వడం తప్పని నేననను. పరీక్ష లేకుండా ఇవ్వడమే తప్పు. 1995లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. 1998లో చెన్నైలో పవనశక్తి సాంకేతిక కేంద్రం పుట్టింది. డెన్మార్క్ ప్రభుత్వ సాయమూ, రీసో నిపుణుల తోడూ దానికి దొరికాయి. తిరునెల్వేలి దారిలోని కయత్తారు పరీక్షా కేంద్రం దాని కిందికి వచ్చింది. ఇప్పుడు ఆ సంస్థ పేరు జాతీయ పవనశక్తి సంస్థ.

అన్నా మణి 2001లో తిరువనంతపురంలో కన్నుమూసింది. ఆమె నాటించిన స్తంభాల ఎత్తు ఇరవై, పాతిక మీటర్లు. ఆ తర్వాత యాభై, ఎనభై, వంద మీటర్లకు పెరిగింది. ఎత్తు పెరిగేకొద్దీ దేశపు అంచనా మారిపోయింది. 50 మీటర్ల దగ్గర దాదాపు 49,000 మెగావాట్లన్నది 100 మీటర్లకు వచ్చేసరికి 3,02,000 మెగావాట్లు దాటింది. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 44,000 పైన, తెలంగాణ వాటా 4,200 పైన. మన నేల మీద గాలి పెరిగిందా? లేదు. కొలిచిన ఎత్తు పెరిగింది.

ఇక నా విన్నపం, రాయలసీమలోని ఇంజనీరింగ్ కాలేజీల, పాలిటెక్నిక్‌ల ప్రిన్సిపాళ్లకు. ప్రజల డబ్బుతో అచ్చయిన ఆ సర్వే సంపుటాలను తెప్పించి మీ గ్రంథాలయాల్లో ఉంచండి. కాలేజీ వెనక గుట్ట మీద ఒక స్తంభం నాటి, పిల్లల చేత ఏడాది పొడుగునా కొలతలు రాయించండి. సర్వే చేసిన కాలానికీ ఇప్పటికీ మన ఆషాఢ గాలి తగ్గిందా, హెచ్చిందా అన్నది వాళ్లే లెక్క తేల్చి, అందరూ చూసేలా ప్రకటించనివ్వండి.