మస్టరు

సింగరేణి బొగ్గుబావుల దగ్గర కార్మికులు కలిస్తే తరచూ వినపడే ప్రశ్న: “ఎన్ని మస్టర్లైనయే?” అక్కడ మస్టరంటే డ్యూటీ చేసిన రోజు. రానివాళ్ల బదులు పనిచేసే బదిలీ వర్కర్ జనరల్ మజ్దూర్‌గా పర్మనెంట్ కావాలంటే ఏడాదిలో భూగర్భంలోనైతే 190, ఉపరితలంలోనైతే 240 మస్టర్లు ఉండాలన్న లెక్క ఆ ఇళ్లలో అందరికీ తెలుసు.

ఈ మాటకు మూలం లాటిన్ ‘మోన్‌స్ట్రారే’, అంటే చూపించడం. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరి, సైనికులను నిలబెట్టి చూసి పేర్లు రాసుకునే జాబితాకు పేరైంది. 16వ శతాబ్దపు ఇంగ్లండు మస్టర్ రోల్స్‌లో విలుకాళ్లెవరో, బిల్లు అనే పొడవుకర్ర కత్తి పట్టేవాళ్లెవరో కూడా రాసేవారు. అంటే అది హాజరు పట్టీ మాత్రమే కాదు, ఎవరికి ఏం వచ్చో చెప్పే చిట్టా. మన దాకా వచ్చేసరికి హాజరు ఒక్కటే మిగిలింది. ఉపాధి హామీ పనుల మస్టర్లలోనూ అంతే. పోయిన సగమే విలువైనదని నా నమ్మకం.

గనుల్లో ఓవర్‌మన్, మైనింగ్ సర్దార్, గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ల వివరాలు చట్టం అడుగుతుంది కాబట్టి రికార్డులో ఉంటాయి. గని రూఫ్‌ను తట్టి, బోలు శబ్దాన్ని బట్టి ప్రమాదం పసిగట్టే టింబర్‌మన్ (రూఫ్‌కు దన్నుగా దుంగలు నిలిపే కార్మికుడు) చెవికి మాత్రం ఏ సర్టిఫికెట్టూ లేదు. అతని పేరు పక్కన ఆ విద్యనూ, రిటైరయ్యే ఏడాదినీ రాస్తే, అతను దిగిపోయేలోపే పక్కన ఎవరిని పెట్టి నేర్పించాలో మేనేజరుకు తెలుస్తుంది.