కార్తికపు వానలో తిరుమల పూదోట

తెలుగునాట పెక్కుచోట్ల కార్తికమాసమనగా వానలు వెనుకబట్టి, చెఱువులు తేటపడి, మబ్బుతునక లేని యాకాశము క్రింద తోటవాడు నిబ్బరముగా పాదులు సవరించుకొను కాలము. తిరుమలకొండపై నట్లు కాదు. సముద్రమట్టమునకు రమారమి 2,800 అడుగుల యెత్తున నున్న యీ శేషాచలశిఖరముల మీద ఈశాన్యపు వానలు విజృంభించుట ఆశ్వయుజ కార్తికములలోనే గావున, శరత్తు ముగిసి హేమంతము తొంగిచూచు ఆ దినములలో ఇచ్చటి తోటమాలికి నీరు పెట్టుట కన్న నీరు తీయుటయే పెద్ద పని. దవనపుమడులను ఎత్తుచేసి వేరు కుళ్ళకుండ కాచుకొనవలెను. గాలివానకు వ్రాలిన గన్నేరుకొమ్మకు ఊతకఱ్ఱ నాటి అరటినారతో కట్టవలెను. చామంతిపూవు ఱేకుల నడుమ నీరు నిలిచినచో మరునాటికే వన్నె చెడును గనుక, తెఱపి యిచ్చిన గడియను కనిపెట్టి కోసికొనవలెను.

ఇంత శ్రమకు ఓర్చి ఈ చలికొండపై పూదోట పెంచవలసిన యక్కఱ యేమి? శ్రీవైష్ణవ సంప్రదాయమున శ్రీరంగము భోగమండపము, కంచి త్యాగమండపము, తిరుమల పుష్పమండపము. ఈ కొండపై పూచిన ప్రతి పూవును స్వామిదే యన్న భావమువలన నేటికిని అచ్చట స్త్రీలు సిగలో పూలు తురుముకొనరు. మూలమూర్తి కిరీటము మీదుగా భుజముల వఱకు వ్రేలాడు శిఖామణి యొక్కటే ఎనిమిది మూరల దండ. ఆపైని సాలిగ్రామమాలలు, కంఠసరి, వక్షఃస్థలలక్ష్మికి వేఱుగా దండలు, కఠారిసరము, తావళములు, పాదములకు తిరువడిదండలు. పూలదండలు కట్టి సిద్ధపఱచు అరకు యామునాచార్యుని పేర యామునోత్తరై యని వ్యవహారము. ఒక్క దినము తోట పూయకున్న స్వామి సేవలో లోటు వచ్చునన్న వెఱపే ఈ తోటల చరిత్రకు మూలమని నాకు తోచును.

ఆ చరిత్రలో మొదట చెప్పుకొనవలసిన వాడు అనంతాళ్వారు. శ్రీరంగమున రామానుజులు నమ్మాళ్వారుల తిరువాయ్‌మొళికి అర్థము చెప్పుచు, వేంకటాద్రిపై స్వామికి పుష్పకైంకర్యము చేయ పోగలవారెవ్వరని గోష్ఠి నడిగినప్పుడు, ఆ యడవికి, ఆ చలికి జంకి యెల్లరు నూరకుండగా, ఆయన యొక్కడు లేచి నేను పోయెదనన్నాడని సంప్రదాయగాథ. కొండకు వచ్చి తోట వేసినాడు. ఎండకాలమున తోట యెండకుండ చెఱువు త్రవ్వ నారంభించి, తాను మట్టి త్రవ్వుచుండ, నిండుచూలాలగు భార్య గంప మోయుచుండగా, ఒక బాలుడు వచ్చి తానును గంప నందుకొనెనట. పరులసాయము కైంకర్యమునకు చెఱుపని యెంచి అనంతాళ్వారు కోపమున విసరిన గునపము బాలుని గడ్డమునకు తగిలెను. ఆలయమున స్వామి గడ్డమునుండి నెత్తురు కారుచుండుట కనబడెను. నాటినుండి స్వామి చుబుకమున పచ్చకర్పూరము పెట్టుచున్నారు. ఆ గునపము మహాద్వారము కుడిప్రక్క గోడపై నేటికిని వ్రేలాడుచున్నది. లెక్కకు మిక్కిలి యాభరణములు గల కోవెల వాకిట నొక తోటమాలి పనిముట్టు నంత గౌరవముగా నిలిపి యుంచిన పూర్వుల మనస్సునకు నేను చేయెత్తి మ్రొక్కుదును.

తరువాతి శతాబ్దులలో ఒకరు నాటిన తోట పలువురి పోషణకు వచ్చినది. సాళువ నరసింహరాయల కాలమున కందాడై రామానుజయ్యంగారి పర్యవేక్షణమున యాత్రికులకు అన్నము పెట్టు రామానుజకూటములు నడచినవి, నందనవనములు పెరిగినవి. చాత్తాద శ్రీవైష్ణవులు తోటపని, దండలు కట్టుపని తమ వృత్తిగా స్వీకరించిరి. 1513 మొదలు 1521 వఱకు ఏడుమాఱులు ఈ కొండకు వచ్చిన కృష్ణదేవరాయలు తన యాముక్తమాల్యదకు పూదోట పెంచి మాలలల్లిన విష్ణుచిత్తుని నాయకునిగా నెన్నుకొనుట నాకు కేవల కవితాసంప్రదాయముగా తోచదు. ఈ కొండపై నిత్యము జరుగు పుష్పసేవను కన్నులార చూచినవాని మనస్సది.

అనంతాళ్వారు తోట నేడు పురశైవారి తోటగా ప్రసిద్ధము. బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు స్వామి అప్రదక్షిణముగా బయలుదేరి ఆ తోటకు వేంచేయు నుత్సవమునకు బాగ్ సవారి యని పేరు. బాగు, సవారి రెండును పారసీకమునుండి వచ్చిన మాటలు. 1843 నుండి 1933 వఱకు ఆలయపాలనము నెఱపిన హాథీరాంజీ మఠపు మహంతుల కాలమున ఆ పేరు స్థిరపడినదేమో యని నా యూహ.

15వ శతాబ్దిలో నడచి, నడుమ నెప్పుడో నిలిచిపోయిన పుష్పయాగమును 1980 లో దేవస్థానమువారు పునరుద్ధరించిరి. కార్తికమాసమున శ్రవణానక్షత్రమునాడు, ఉత్సవాదులలో తెలిసియు తెలియకయు దొరలిన లోపములకు ప్రాయశ్చిత్తముగా, ఉభయదేవేరులతో కూడిన ఉత్సవమూర్తి మలయప్పస్వామిని చామంతి, సంపెంగ, మొల్ల, గన్నేరు, తామర, మొగిలిరేకులు, తులసి, మరువము, దవనము, కదిరిపచ్చ మొదలగు పుష్పపత్రములతో నర్చింతురు. ఏడెనిమిది టన్నుల పూలు కావలెను గనుక తమిళనాడు, కర్ణాటకము, ఆంధ్రదేశపు మైదానములనుండి దాతలు పంపుదురు. కొండతోట యంతటిని ఈనలేదు. అంతమాత్రమున దాని విలువ తఱుగునని నేననుకొనను.

ఒక కార్తికమున, రాత్రియెల్ల కురిసి తెల్లవాఱిన పిమ్మట, నేనొక తోట యంచున నిలిచి చూచితిని. గోనెపట్టా కొంగువలె తలపై కప్పుకొన్న వృద్ధమాలి యొకడు, దవనపుమడి మూలను చీలమండలోతు నీట నిలిచి, కాలువకు అడ్డుపడిన రాతి క్రింద గునపపుమొన జొనిపి, నడుము వంచి ఒక్క పట్టు పట్టెను. రాయి కదలెను, ఎఱ్ఱనీరు బుడబుడమని వాలు వెంబడి పాఱినది. ఆ నీటి వెంట రెండు పొగడపూలు కొట్టుకొని పోవుచుండగా, వాడు గునపము చప్పున నేల వైచి, వంగి, వానిని రెండుచేతుల దోసిట నెత్తి, చెట్టు మొదట పెట్టి, తడిచేతులు కన్నుల కద్దుకొని, మరల గునపము నందుకొనెను.