కొన్న రక్తం, ఇచ్చిన రక్తం

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శిగారు కోరారు. నేను డాక్టరును కాను, ముప్పై ఆరేళ్లు ఫైళ్లు నడిపిన గుమాస్తాను. అయితే మా ఇంట్లో రెండు గుండె ఆపరేషన్లు జరిగాయి. వాటి కారణంగా చదివి తెలుసుకున్న చరిత్రను నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

మొదటి ఆపరేషన్ 1988లో మా అన్నగారికి జరిగింది. రక్తం తెమ్మన్నారు. బంధువుల్లో గ్రూపు కలిసినవారు ఇద్దరే. మిగతా సీసాలు నేనే డబ్బిచ్చి కొన్నాను. అమ్మినవారెవరో అడగలేదు. ఆపరేషన్ బాగానే జరిగింది. రెండు నెలలకు ఆయన కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు, పథ్యం చేయించాము, తగ్గిపోయింది అనుకున్నాము. చాలా ఏళ్లకు లివరు చెడిందని తేలింది. పరీక్షలో హెపటైటిస్-సి అని వచ్చింది. 2006లో కాలం చేశారు. ఆ జబ్బు ఏ సీసాతో వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రానికి అప్పగించి చేసిన తొలి విజయవంతమైన ఆపరేషన్ 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ చేశారు. ఆ రోజుల్లో యంత్రాన్ని నింపటానికే చాలా సీసాల రక్తం కావలసి వచ్చేది. 1960 దశకంలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్లు చేయించుకున్నవారిలో నూటికి ముప్పైమందికి పైగా కాలేయవ్యాధి సోకింది. హార్వే ఆల్టర్ మొదలైనవారు లెక్కలు తీయగా, డబ్బుకు అమ్మిన రక్తంతోనే ఎక్కువ ప్రమాదమని తేలింది. డబ్బు అవసరమున్నవాడు తన జబ్బు చెప్పడు కదా! 1970 ప్రాంతంలో ఆ రక్తం మాని, స్వచ్ఛంద దాతల రక్తమే తీసుకుని, హెపటైటిస్-బి పరీక్ష కూడా మొదలుపెట్టేసరికి అది నూటికి పదికి దిగింది.

మిగిలిన జబ్బుకు పేరు తెలియక ‘ఎ కాదు, బి కాదు’ అని పిలిచారు. 1989లో మైకేల్ హౌటన్ బృందం ఆ వైరస్‌ను పట్టుకుంది. అదే హెపటైటిస్-సి. మా అన్నగారి ఆపరేషన్ అయిన మరుసటి ఏడు! ఆల్టర్, హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ బహుమతి లభించింది.

మన దేశంలో 1996 జనవరి 4న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దాని ప్రకారం 1998 జనవరి 1 నుండి రక్తం అమ్మకం నిషేధమైంది. ఇప్పుడు ప్రతి యూనిట్‌కూ ఎయిడ్స్, హెపటైటిస్-బి, సి, సుఖవ్యాధి, మలేరియా పరీక్షలు తప్పనిసరి.

రెండవ ఆపరేషన్ 2018లో నాకే జరిగింది. హిమోగ్లోబిన్ 8.2కు పడిపోయింది. “బలానికి రెండు బాటిల్స్ ఎక్కించండి” అని మా అబ్బాయి బ్రతిమాలాడు. డాక్టరుగారు అవసరం లేదన్నారు. మాకు కోపం వచ్చింది. తరువాత తెలిసింది: ఎక్కువ రక్తం ఎక్కినవారిలో న్యుమోనియా, పుండు చీము పట్టటం వంటివి ఎక్కువగా కనబడుతున్నాయట. దాదాపు 5,000 మంది గుండె రోగులపై జరిపి 2017లో ప్రకటించిన పరిశోధనలో, 7.5 కంటే తగ్గినప్పుడే ఎక్కించినా ఫలితాలు ఏమీ తీసిపోలేదు. రక్తం బలానికి టానిక్కు కాదు. అవసరమైతే ప్రాణమే నిలుపుతుంది. ఆ అవసరం నిర్ణయించవలసింది డాక్టరుగారే, మనం కాదు.

65 దాటిన మనం రక్తం ఇవ్వలేము. పిల్లలను, మనుమలను పంపగలము. మా పెద్ద మనుమడు ఏటా తన పుట్టినరోజున ఇచ్చి వస్తున్నాడు. అన్నగారి కోసం నేను కొన్న సీసాల బాకీ అలా కొంతైనా తీరుతుందని నా ఆశ.