హెర్మీస్ ఒక్కడు, పనులు ఎన్నో

ఈసారి గ్రీకుల దేవుడు హెర్మీస్ గురించి రాస్తున్నాను. రోమన్లకు ఈయనే మెర్క్యురీ.

దేవతల వార్తాహరుడని మాత్రమే చాలామందికి తెలుసు. కానీ ఈయన దగ్గర చాలా డిపార్టుమెంట్లు ఉండేవి. బాటసారులకు, వర్తకులకు, పశువుల కాపరులకు, చివరికి దొంగలకూ ఈయనే దిక్కు. పుట్టిన రోజే అన్న అపోలో ఆవుల్ని తోలుకుపోయాడని కథ. ఏథెన్స్‌లో గుమ్మాల ముందు, కూడళ్లలో ఈయన తల చెక్కిన రాతి స్తంభాలు ఉండేవి. క్రీ.పూ. 415లో సిసిలీ మీదికి నౌకలు బయల్దేరే ముందు ఒక రాత్రి ఎవరో వాటిని పగలగొట్టారు. అపశకునమని ఊరంతా హడలిపోయింది. రోమ్‌లో క్రీ.పూ. 495లో మెర్క్యురీకి గుడి వెలిసింది. మే 15 అక్కడి వర్తకుల పండుగ.

ఈ పనులన్నీ మన దేవుళ్లకూ ఉన్నాయి, కాకపోతే పంచి ఇచ్చాం. కబుర్లు మోసేది నారదుడు, దూతగా వెళ్లింది హనుమంతుడు, పొలిమేర కాసేది గ్రామదేవత, వ్యాపారం బుధుడిది. మెర్క్యురీ గ్రహమే మన బుధుడు, రోమన్ల మెర్క్యురీ వారమే మన బుధవారం. నేను చదివిన తమిళ మీడియంలోనూ అది ‘పుదన్’ కిళమే.

హెర్మీస్ పనుల్లో బరువైనది, చనిపోయినవారి ఆత్మలకు దారి చూపి పాతాళంలో దిగబెట్టడం. దీనికి పోలిక కోసం పురాణాలు తిరగెయ్యక్కర్లేదు, మన పుట్టాసింగి కొండల్లోనే ఉంది. సవరల్లో కుడన్, ఆడమనిషైతే కుడన్‌బోయ్, పూనకంలో చనిపోయినవారి లోకానికి వెళ్తారు. పోయినవారు ఆ నోటితోనే ఇంటివాళ్లతో మాట్లాడతారు. ఎలా పోయారో చెబుతారు, అలుగుతారు, కావలసింది అడుగుతారు. ఇంటివాళ్లు ఏడుస్తారు, వాదిస్తారు. వెరియర్ ఎల్విన్ 1955లో ఈ మతం మీద పెద్ద పుస్తకమే రాశాడు. హెర్మీస్ ఆత్మను దిగబెట్టి వస్తాడు. కుడన్‌బోయ్ పోయినవారి మాటను కూడా వెనక్కి తెస్తుంది.

గ్రీకు కథంటే గౌరవంగా వింటాం. ఇదే పని పక్క కొండ మీద జరిగితే ‘సవర మంత్రాలు’ అని తీసిపారేస్తాం. సవరల కొత్త తరంలో చాలామంది వేరే మతాల్లోకి వెళ్లారు. ఆ మాటలు వినేవాళ్లూ తగ్గుతున్నారు.

మన గిడుగు రామమూర్తి పంతులుగారు అలా తీసిపారేయలేదు. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. ఆ 1931లోనే నౌపడా చిన్న రైలు గుణుపురం చేరింది. 1936లో ఒడిశా ఏర్పడి మనం గీతకు ఇవతల ఉండిపోయాం. రెండు భాషల నడుమ బతకడం మనకు కొత్త కాదు. అయినా మనలో చాలామందికి సంతలో బేరానికి సరిపడా నాలుగు సవర మాటలే వచ్చు.

ఆగస్టు 29న గిడుగువారి జయంతికి దండ ఎలాగూ వేస్తాం. ఈసారి ఒక సవర పెద్దను పిలిచి, ముందు వరసలో కూర్చోబెట్టి, వారి భాషలోనే మాట్లాడమందాం. తెలుగు చేసి చెప్పేవారు మనలో ఎవరో ఒకరు దొరక్కపోరు. సభ్యులు అభిప్రాయం చెప్పండి.