ఆవిడ పారేయని రాళ్ళు

భర్త పోయాక ఆయన ఏరి తెచ్చిన రాళ్ళు ఇంట్లో మిగిలితే ఏం చేస్తాం? "ఇంకా ఎందుకివి?" అంటారు చుట్టాలు. డెహ్రాడూన్‌లో భూగర్భ శాస్త్రవేత్త రంగారావుగారి భార్య మాత్రం పారేయలేదు. అవి జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ రాళ్ళు. వాటిలో ఎముకలు దొరికిన ఓ చిన్న జంతువుకు 1971లో 'ఇండోహ్యుస్' అని పేరు పెట్టింది ఆయనే.

ఆవిడ ఆ రాళ్ళను అమెరికాలో పనిచేసే థెవిసెన్ అనే ప్రొఫెసరుకి అప్పగించారు. శుభ్రం చేస్తుంటే ఓ పుర్రె పొరపాటున విరిగింది. లోపల చెవి ఎముక చూస్తే అచ్చం తిమింగలానిదే! సుమారు 4.8 కోట్ల ఏళ్ళనాటి ఈ పిల్లంత గిట్టల జంతువు తిమింగలాలకు దగ్గరి చుట్టమని 2007లో లోకానికి తెలిసింది. ఎముకలు దళసరి కనుక నీళ్ళలో దిగి తిరిగేదట.

ఆ ముచ్చట రంగారావుగారు చూడలేదు. కనిపెట్టినవాళ్ళకి పేరొచ్చింది, సరే. దాచిన చేతికి అందులో వాటా లేదంటారా?