మార్లవాయి బడి, మూడో నంబరు జీవో

ఆసిఫాబాద్ ప్రాంతపు చరిత్ర అనగానే జోడేఘాట్, కొమరం భీం గుర్తుకు వస్తాయి. మార్లవాయి పేరు మాత్రం అంతగా వినబడదు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన ఒక తీర్పును చదువుతున్నంతసేపూ నా మనసు ఆ చిన్న గోండు గూడెం చుట్టూనే తిరిగింది.

1940లో నిజాం పోలీసుల కాల్పులలో భీం మరణించిన తరువాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని ప్రభుత్వానికి ఆలస్యంగా తోచింది. వియన్నా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆ పనికి నియమించారు. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో మకాం పెట్టారు. భూమి తరువాత ఆయన కంటికి ఆనిన రెండో సమస్య చదువు. బయటినుంచి వచ్చిన పంతులు అడవిలో నిలవడు; నిలిచినా ఆయన మాట్లాడే భాష పిల్లలకు రాదు. రాజ్యానిదేమో ఉర్దూ, పిల్లలది గోండీ. అందుకే 1943లో మార్లవాయిలో గోండు యువకులనే పంతుళ్ళుగా తీర్చిదిద్దే శిక్షణ కేంద్రం వెలసింది. తిరుగుబాటుకు తుపాకీ చెప్పిన జవాబు ఒకటైతే, ఈ బడి చెప్పినది వేరొకటి.

రాజ్యాంగం వచ్చాక ఈ ప్రాంతాలు ఐదవ షెడ్యూలు కిందికి చేరాయి. అందులోని ఐదవ పేరా ప్రకారం పార్లమెంటు లేదా శాసనసభ చేసిన ఏ చట్టాన్నైనా షెడ్యూల్డు ప్రాంతానికి వర్తించకుండా ఆపే అధికారం, మార్పులతో వర్తింపజేసే అధికారం గవర్నరుకు ఉన్నాయి. గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించిన 1970 నాటి ఒకటవ రెగ్యులేషన్ ఈ పేరాలోని మరొక అధికారంతో పుట్టినదే. మన్యంలో దానిని నేటికీ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనే అంటారు.

2000 జనవరి 10న వచ్చిన మూడో నంబరు జీవో ఈ ఐదవ పేరానే ఆధారం చేసుకుంది. షెడ్యూల్డు ప్రాంతాల బడులలో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ, అంటే నూటికి నూరు, స్థానిక గిరిజనులకే. అంతకుముందు 1986లో ఇలాంటిదే ఒక జీవో వచ్చి ట్రిబ్యునల్‌లో వీగిపోయింది. పంతుళ్ళు బడికి రాకపోవడమే రెండో ప్రయత్నానికి ప్రభుత్వం చూపిన ప్రధాన కారణం. హైమన్‌డార్ఫ్ చూసిన లోటే మరి!

సుప్రీంకోర్టు ఈ జీవోను కొట్టివేసింది. గవర్నరు అధికారం చట్టాలపైనే గాని, చట్టాల కింద తయారైన నియమాలపై లేదన్నది. ప్రాథమిక హక్కులను ఆ అధికారం దాటిపోలేదన్నది. ఇంద్రా సహానీ కేసులో 1992లో గీసిన యాభై శాతం గీతను గుర్తుచేసింది. గిరిజనులకు గిరిజనులే బోధించాలన్న ఆలోచననే తప్పుపట్టింది. పాత నియామకాలను కదపలేదు కాని, ఖర్చుల కింద ఐదు లక్షల రూపాయలు రెండు తెలుగు రాష్ట్రాలూ చెరిసగం కట్టాలన్నది.

నూటికి నూరు అన్నచోట కోర్టు వాదన బలమైనదే, కాదనను. కాని గిరిజన ఉపాధ్యాయుడన్న ఆలోచనను అంత తేలికగా తీసివేయడం నాకు మింగుడు పడలేదు. సరిగ్గా ఆ ఏడే, జూలై 9న, అమెరికా సుప్రీంకోర్టు మెక్‌గర్ట్ కేసులో తీర్పు చెప్పింది. తూర్పు ఓక్లహోమాలో మస్కోగీ క్రీకులకు పందొమ్మిదవ శతాబ్దపు ఒడంబడికలలో ఇచ్చిన రిజర్వేషన్ భూభాగాన్ని కాంగ్రెస్ ఎన్నడూ రద్దు చేయలేదు కనుక, నేరవిచారణ మట్టుకు అది ఇంకా ఉన్నట్టేనని తేల్చింది. 2022లో మరో తీర్పు దాని పదును కొంత తగ్గించింది, అది వేరే సంగతి. అక్కడ తెగల చేతిలో ఒడంబడిక పత్రం ఉంది. మన గోండులకు అటువంటి కాగితం లేదు. వారి తరఫున గవర్నరు చేసే సంతకమే ఉంది.

జీవోను కూడా నేను పూర్తిగా వెనకేసుకురాను. మార్లవాయిలో అసలు విషయం భాష. జీవో అడిగినదేమో తెగ ధ్రువపత్రం. 1976 చట్టంతో తెలంగాణలో లంబాడీలు కూడా షెడ్యూల్డు తెగలలో చేరారు. వారి భాష వేరు. గోండీ రాని గిరిజన ఉపాధ్యాయుడు గోండు పిల్లల ముందు నిలబడితే జీవో ప్రకారం లోటేమీ లేదు. ఆ తరగతిలో పిల్లల అవస్థ మాత్రం 1943కు ముందు ఉన్నదే. గోండీ, కొలామీ వచ్చినవారే ఆ పిల్లలకు చెప్పాలని షరతు పెట్టి ఉంటే, పుట్టుకను కాక పనికి కావలసిన అర్హతను చూపి వాదించే వీలుండేది. ఆ షరతును 1986లో ఎవరూ రాయలేదు, 2000లోనూ రాయలేదు.