నమూనా రాకెట్టుపై గీతలు చెప్పే చరిత్ర

మా పోతనాళ లాంటి ఊళ్ళ బడుల్లో వైజ్ఞానిక ప్రదర్శన పెడితే ఎవరో ఒకరు రాకెట్టు నమూనా తెస్తారు. అట్ట గొట్టం, పైన కాగితపు శంకువు, చుట్టూ వెండి కాగితం. దూరం నుంచి బాగానే ఉంటుంది. కాని అది ఏ రాకెట్టు, ఎవరు చేసినది? ఆ సంగతి మెరుపు చెప్పదు. పైనున్న గీతలు, అతుకులు, కట్లు చెబుతాయి.

మన కన్నడ నేలతోనే మొదలుపెడదాం. హైదరాలీ, టిప్పు సుల్తానుల సైన్యం వాడిన రాకెట్టు ఇనుప గొట్టం. దానికి వెదురు బొంగు కట్టేవారు. ఇనుము కాబట్టి లోపలి మందు మండి పుట్టే ఒత్తిడికి ఓర్చుకునేది. 2018లో శివమొగ్గ జిల్లా నగర కోటలో ఒక పాత బావినుంచి ఇలాంటివి వెయ్యికి పైగా బయటపడ్డాయి. దీని నమూనాకు వెండి కాగితం చుడితే చరిత్ర చెరిగిపోతుంది. నల్లని ఇనుప రంగు వేసి, బొంగును దారంతో గట్టిగా చుట్టండి. ఆ కట్టే దాని గుర్తు.

ఇక శ్రీహరికోటనుంచి 1980 జూలై 18న రోహిణిని కక్ష్యలో పెట్టిన ఎస్.ఎల్.వి.-3 చూడండి. ఎత్తు 22 మీటర్లు, మొదటి దశ వ్యాసం ఒక మీటరు. యాభయ్యో వంతుకు తగ్గిస్తే 44 సెంటీమీటర్ల ఎత్తు, 2 సెంటీమీటర్ల లావు. మొదటి దశ ఉక్కు గొట్టాన్ని మూడు ముక్కలుగా చేసి కలిపారు. కనుక మీ గొట్టంపై ఆ భాగంలో రెండు అడ్డగీతలు రావాలి. సిరా అయిపోయిన రీఫిల్లుతో నొక్కి గీస్తే సన్నని గాడి పడుతుంది. దశలు కలిసేచోట కాగితపు పట్టీ అతికించండి. పై రెండు దశలు నారతో పటిష్ఠం చేసిన ప్లాస్టిక్కువి. అక్కడ మేకుల చుక్కలు పెట్టకండి.

నలుపు తెలుపు గళ్ళు వేయాలని కొందరికి ముచ్చట. 1942లో జర్మన్లు ఎగరేసిన ఏ-4 రాకెట్టుకు అవి అలంకారం కాదు. రాకెట్టు తన చుట్టూ తాను తిరుగుతోందేమో కింద ఉన్నవారు చూడడానికి వేసినవి.

ఇంత చిన్న వివరాలు ఎందుకంటారా? 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 తొలి ప్రయోగం బంగాళాఖాతంలో ముగిసింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక కవాటం సరిగా మూసుకోక ఆమ్లం కారిపోయింది. ఏళ్ళ శ్రమకు అడ్డుపడింది ఆ చిన్న భాగమే. ఏడాది లోపే లోపం సరిదిద్ది మళ్ళీ నిలబెట్టారు.

అందుకే నమూనాను మందు పెట్టి ఎగరేయకండి, చూపడానికే చేయండి. మార్కులు వేసే ఉపాధ్యాయులకు ఒక మనవి: రంగు ఎంత మెరిసిందని కాక, “ఈ గీత ఇక్కడెందుకు?” అని అడగండి. జవాబు చెప్పిన పిల్లవాడికి ఆ రాకెట్టు చేసినవాళ్ళ కష్టం కొంతైనా తెలిసినట్టే.